అడ్డమొచ్చిన రేకుముక్క

"ఒకటోసారి..." అంది పెట్టె. "రెండోసా..." అని గుర్రుమని ఆగిపోయింది.

బావ పెదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. మూడోసారికి కొట్టాల్సిన దెబ్బ కూడా కొట్టేశాడు, వంటింటి బల్లమీద. గిన్నెలు ఎగిరిపడ్డాయి. వేలానికి పెట్టిన వంకాయలు రెండు దొర్లి కిందపడ్డాయి. వాటిని ఎవరు పాడుకున్నారో, ఎంతకి పాడుకున్నారో ఆ వంకాయలకే తెలియాలి.

"మళ్లీ తెంపేశావా బావా!" అని నెత్తి కొట్టుకుంది చిన్నది.

చిన్నది అంటే నిజంగా చిన్నదేం కాదు. ముప్పై దాటింది. మోటార్ల వైండింగ్ షాపులో ఆమె చుట్టిన తీగ విప్పి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కానీ అక్కకి చెల్లెలు కదా, ఇంట్లో చిన్నదే. జుట్టు నెరిసినా చిన్నదే. ఆమెకి తోచినప్పుడల్లా పాత రేడియోలూ, పారేసిన స్పీకర్లూ ముందేసుకుని ఏదో ఒకటి తయారు చేయడం సరదా. ఇన్నాళ్లూ సరదాగానే ఉండేది. ఇప్పుడు మాత్రం ఆ పెట్టెమీద బావ అన్నం ఆధారపడి ఉంది.

బావ కూరగాయల మార్కెట్లో వేలం వేస్తాడు. వేసేవాడు అనాలేమో, అదే ఇప్పుడు తేలాల్సింది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆ గొంతులో గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన మంచంమీద ఉండగానే మార్కెట్ కమిటీ సెక్రటరీగారు వేలం దిమ్మమీదికి తన మేనల్లుణ్ణి ఎక్కించేశాడు. లేచొచ్చి నా దిమ్మ నాకివ్వండంటే, "ఇస్తానయ్యా, నాకేం బాధ? శుక్రవారం రా. నేను షెడ్డులో చివరి వరసలో నిలబడతా. నాకు వినపడితే దిమ్మ నీది. వినపడకపోతే మావాడిది. తర్వాత నన్నేమీ అనొద్దు," అన్నాడు. న్యాయంగానే ఉన్నట్టుంటుంది, వినడానికి. గొంతు పోయినవాడికి అరుపుల పోటీ పెట్టడం ఏం న్యాయమో మరి!

చిన్నది నాలుగు స్క్రూలూ విప్పి పెట్టె వీపు తీసింది. పాత బీరువా సొరుగుని కోసి చేసిన పెట్టె అది. మంచి చెక్క, బొటనవేలంత మందం. లోపల ఒక స్పీకరు, ఒక బ్యాటరీ, అరచేతిలో పట్టే ఆంప్లిఫయరు. మెడకి తగిలించుకుంటే పెట్టె పొట్టమీదికి వస్తుంది, చొక్కా కాలరుకి మైకు. ముందువైపు ఒకటే గుండీ. గొంతు పెంచాలన్నా తగ్గించాలన్నా అదే.

ఆ గుండీ వెనకున్న కంట్రోలు పెట్టెలోపల పక్కకి తిరిగిపోయి ఉంది. దాని మూడు కాళ్లకీ అతికించిన మూడు వైర్లూ ఒకదానిమీద ఒకటి మెలిపడ్డాయి. ఒకటి తెగి వేలాడుతోంది.

"చూడు, జడ ఎంత బాగా అల్లావో," అంది చిన్నది.

"నేను తిప్పింది కొంచెమే," అన్నాడు బావ, గుసగుసగా.

"మీ కొంచెం సంగతి ఈ ఇంట్లో కుళాయిలన్నిటికీ తెలుసు," అంది అక్క, వంకాయలు ఏరుకుంటూ. "మొన్న మీరు కట్టేసిన కుళాయి విప్పడానికి పక్కింటాయన రావాల్సొచ్చింది."

"అసలు అన్నిసార్లు ఎందుకు తిప్పుతావు బావా? ఒకచోట పెట్టి వదిలెయ్యొచ్చుగా?"

బావ పెద్ద కళ్లు చేశాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ధర పెరుగుతుంటే గొంతు పెరగొద్దుటే? వందకీ నూట యాభైకీ ఒకే గొంతా? ఇంక వేలమెందుకు, ధర రాసి గోడకి తగిలిస్తే సరిపోతుంది."

అదీ విషయం. పాతికేళ్లుగా ధరతోపాటు ఎక్కిన గొంతు ఇప్పుడు ఎక్కడం లేదు కాబట్టి ఆయన చెయ్యి ఎక్కుతోంది. పాట పెరిగిన ప్రతిసారీ గుండీని ఒక పిసరు తిప్పుతాడు. సగం దాకా బాగానే తిరుగుతుంది. ఆ తర్వాత గుండీతోపాటు కంట్రోలు మొత్తం గిర్రున తిరుగుతుంది. వైరు తెగుతుంది, బావ మూగవాడవుతాడు.

చిన్నది వైరు మళ్లీ అతికించింది. పానా పట్టి నట్టు బిగించింది. చెక్క మందం వల్ల కంట్రోలు మెడమీదున్న మర అంచు మాత్రమే బయటికి వస్తోంది. నట్టుకి ఒక చుట్టు కూడా సరిగా దొరకడం లేదు. అందుకని చుట్టూ జిగురు కూడా పోసింది. అరగంట ఆరబెట్టి, ఊది, మళ్లీ ఆరబెట్టింది.

"ఇంక ఏనుగొచ్చి తిప్పినా కదలదు," అంది.

*

మర్నాడు సాయంత్రం డాబామీద పరీక్ష పెట్టారు. బావ డాబామీద, అక్క వీధి చివర మలుపు దగ్గర. వినపడితే చెయ్యి ఎత్తాలని ఒప్పందం. చిన్నది పిట్టగోడ దగ్గర నిలబడి ఇద్దర్నీ చూస్తోంది.

"ఉల్లిపాయలు!" అంది పెట్టె. అక్క చెయ్యి ఎత్తింది. "ఎండిన ఉల్లిపాయలు, గలగలలాడుతున్నాయి!" అక్క మళ్లీ ఎత్తింది. దారినపోయే ఒకాయన సైకిలు ఆపి, ఉల్లిపాయలెక్కడా అని చుట్టూ చూశాడు. బావకి హుషారొచ్చింది. మొహం వెలిగిపోయింది. తనే ఒక పాట పాడి, తనే దానిమీద పెంచి, పెంచిన ప్రతిసారీ గుండీ తిప్పాడు. జిగురు టప్‌మని విడిపోయిన చప్పుడు చిన్నదానికి స్పష్టంగా వినపడింది. ఆ తర్వాత ఇంకేమీ వినపడలేదు.

"ఏమన్నారూ?" అని అరిచింది అక్క వీధి చివరనుంచి.

చిన్నదానికి కోపం నషాళానికెక్కింది. "నీది చెయ్యి కాదు బావా, పానా! ఎన్నిసార్లు చెప్పాలి? నువ్విలా పీకుతుంటే దేవుడొచ్చి పెట్టె చేసినా ఆగదు!"

మామూలుగా అయితే బావ ఊరుకునే మనిషి కాదు. ఆడలేక మద్దెల ఓడందని ఏదో ఒకటి అంటించేవాడు. ఈసారి అనలేదు. మెడలోంచి పట్టీ తీసి, పెట్టెని పిట్టగోడమీద జాగ్రత్తగా పెట్టాడు. కాలరుకున్న మైకు తీసి దానిపక్కన పెట్టాడు.

"పోనీలేవే. గోడౌన్లో బస్తాలు తూచే పని ఉందన్నాడు సెక్రటరీ. దానికి గొంతుతో పనిలేదు," అన్నాడు.

ఆ మాటతో చిన్నదానికి ఏడుపొచ్చినంత పనైంది. దిమ్మ ఎక్కితే మార్కెట్టు మార్కెట్టంతా తనవైపు చూసే మనిషి. కందగడ్డని చూపించి బంగారం అమ్ముతున్నట్టు మాట్లాడే మనిషి. ఆయన్ని గోడౌన్ చీకట్లో తూకంరాళ్ల పక్కన ఊహించుకోలేకపోయింది. అనవసరంగా నోరు జారానే అని తనని తానే తిట్టుకుంది. కానీ పెట్టె ఎందుకు ఆగడం లేదో మాత్రం ఆమెకి అప్పటికీ అర్థం కాలేదు.

*

గురువారం షాపుకి పిండిమర నడిపే ఆయన ఒక మోటారు మోసుకొచ్చి బల్లమీద దబ్బున పడేశాడు.

"ఏం చుట్టావమ్మా నువ్వు? మోటారు తిరుగుతోంది, రాయి తిరగడం లేదు. నా వ్యాపారం అంతా పోయింది!"

అంతే, చిన్నది లేచింది. తను చుట్టిన మోటారుని ఎవరైనా అంటే ఆమె ఊరుకోదు. ఇరుసు పట్టుకుని తిప్పి చూసింది. తీగ బ్రహ్మాండంగా ఉంది. ఇరుసుమీద ఎక్కించిన పుల్లీని చేత్తో పట్టుకుని తిప్పింది. ఇరుసుని వదిలేసి పుల్లీ ఒక్కటే సుఖంగా తిరిగింది.

"ఇక్కడ గాడిలో ఇనప ముక్క ఒకటి ఉండాలి. కీ. ఏదది?"

"అదా? పుల్లీ ఎక్కేటప్పుడు అడ్డమొచ్చింది. తీసి పడేశా. స్క్రూ గట్టిగా బిగించాగా!"

"అడ్డమొచ్చిందా?" చిన్నది గొంతు షాపంతా మోగింది. "అడ్డం రావడానికేగా దాన్ని పెట్టింది! జారకుండా అడ్డంపడేదే అది. నువ్వు స్క్రూ ఎంత బిగించినా ఏం లాభం? చేసినవాడు తెలివితక్కువవాడై పెట్టాడనుకున్నావా? ముక్క పారేసి, పైగా మోటారు బాగా లేదంటావా? అడ్డమొచ్చిందంట, అడ్డ..."

అక్కడ ఆగిపోయింది.

పిండిమరాయన తలొంచుకుని ఇంకా తిట్లుంటాయేమోనని ఎదురుచూశాడు. రాలేదు. చిన్నది నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

కంట్రోలు కొన్నప్పుడు దాని మొహంమీద, మెడ పక్కనే ఒక చిన్న రేకుముక్క నిక్కి ఉండేది. గోరు కొసంత. చెక్కకి రంధ్రం పెట్టి కంట్రోలుని దూరిస్తే ఆ ముక్క చెక్కకి తగిలి, కంట్రోలు వంకరగా కూర్చునేది. ఆమె చేసిందేమిటి? పట్టకారు తీసుకుని టుక్కున విరిచేసింది. ఒకసారి కూడా ఆలోచించలేదు. ఇప్పటిదాకా ఎన్ని రేడియోలకి కొత్త కంట్రోళ్లు వేసిందో, అన్నిటికీ అలాగే విరిచేసింది. రేడియో గుండీని ఎవరైనా మెల్లగానే తిప్పుతారు కాబట్టి సరిపోయింది. బావ చెయ్యి తగిలేసరికి బండారం బయటపడింది. గురివింద గింజకి తన కింద నలుపు కనపడదంటారు. ఇక్కడ గింజ నోరు చేసుకుని మరీ అరిచింది.

ముందు సిగ్గేసింది. తర్వాత పట్టలేనంత నవ్వొచ్చింది. తప్పు దొరికింది! దొరికిన తప్పంత మంచి తప్పు లోకంలో ఇంకోటి లేదు. పిండిమరాయనకి కొత్త కీ వేసి, పుల్లీ ఎక్కించి, "ఏమనుకోకు బాబాయ్, నీకు పుణ్యం ఉంటుంది," అని చేతులు పట్టుకుంది. తిట్టినావిడ ఎందుకు బతిమాలుతోందో తెలియక ఆయన మోటారు ఎత్తుకుని గబగబా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా ఎలక్ట్రానిక్స్ కొట్టుకి పరిగెత్తి కొత్త కంట్రోలు తెచ్చింది. కవరుమీద పొటెన్షియోమీటరు అని దాని అసలు పేరు రాసి ఉంది. ఈసారి పట్టకారుని చేతికందకుండా దూరంగా పెట్టింది.

పొద్దున తనతో షాపుకి తెచ్చుకున్న పెట్టెని ముందేసుకుని, మొదట చెక్క సంగతి చూసింది. పెట్టె లోపలివైపు, రంధ్రం చుట్టూ అగ్గిపెట్టంత మేర ఉలితో చెక్కడం మొదలుపెట్టింది. తొందరపడితే ముందువైపుకి చీలిపోతుంది. అందుకని సుత్తి వాడకుండా అరచేత్తోనే నొక్కుతూ, పల్చటి పొరలు పొరలుగా తీసింది. వేలితో తడిమి చూసి, ఇంకాస్త తీసింది. కంట్రోలు పెట్టి చూస్తే ఇప్పుడు మర నిండా నాలుగు చుట్లు బయటికి వచ్చింది. ఆ తర్వాత రేకుముక్క కొసకి కాస్త గ్రీజు రాసి, కంట్రోలుని నిటారుగా పెట్టి నొక్కింది. చెక్కమీద చిన్న మచ్చ పడింది. ఆ మచ్చమీద సన్న డ్రిల్లు పెట్టి, అవతలికి పోకుండా, సగం లోతుకి ఒక బొక్క పొడిచింది. పొట్టు ఊదింది. మెడకి పళ్లున్న వాషర్ తొడిగి, కంట్రోలుని లోపలినుంచి దూర్చింది. రేకుముక్క వెళ్లి ఆ బొక్కలో కూర్చుంది. అది కూర్చున్న చప్పుడు, ఎంత చిన్నదైనా, ఆమె ఒళ్లంతా విన్నది.

బయటినుంచి చదును వాషర్, దానిమీద నట్టు. కంట్రోలు ఒంటిని లోపల రెండు వేళ్లతో పట్టుకుని నట్టు బిగించింది. చాలనిపించాక ఆపేసింది. వైర్లు అతికించింది, ఈసారి కాస్త వదులుగా. మైకు ఇంట్లో బావ దగ్గరే ఉండిపోయింది కాబట్టి మీటరు తగిలించి చూసింది. ముల్లు ఒక చివరనుంచి ఇంకో చివరకి చక్కగా నడిచింది. గుండీని బావలాగా ఊపిరి బిగబట్టి మెలిపెట్టింది. అది చివరకి వెళ్లి, ఇంక చాలన్నట్టు టక్కున ఆగింది. కంట్రోలు కదల్లేదు.

ఇంటికెళ్లి బావ కాళ్లదగ్గర కూర్చుంది. "తప్పు నాది బావా. నీ చేతిది కాదు," అంది.

బావ ఆమె నుదురు ముట్టుకుని చూశాడు, జ్వరమేమోనని. "ఏమేవ్, మీ చెల్లెలు తప్పు ఒప్పుకుంటోంది, డాక్టర్ని పిలువు," అని అక్కతో గుసగుసలాడాడు.

కానీ గుండీ పట్టుకోబోతే మాత్రం చిన్నది టక్కున చెయ్యి మీద కొట్టింది. "సగం వరకే తిప్పు. మిగతా సగం రేపు మార్కెట్లో." కాలిన చెయ్యి కదా, భయం పోలేదు. సగం వరకు తిప్పితే పెట్టె ముద్దుగా పలికింది. ఆ రెండో సగంలో ఏముందో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

*

మార్కెట్టు రేకుల షెడ్డు తెల్లవారేసరికి నిండిపోయింది. దిమ్మ చుట్టూ టమాటా పెట్టెలు, ఉల్లి బస్తాలు. ముందు వరసల్లో నలుగురే నిలబడ్డారు. మిగతా వ్యాపారులు ఎక్కడెక్కడో ఉన్నారు, బళ్లమీద కూర్చుని, స్తంభాలకి ఆనుకుని. మేనల్లుడి రోజులనుంచీ అలాగే అలవాటైంది. దూరంనుంచి ఒక ధర అరిచి, జనంలో కలిసిపోతే, ఆ ధరకి కొనమని ఎవరూ అడగరు. సెక్రటరీగారు గేటు దగ్గర, అందరికంటే వెనక, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అక్కా చిన్నదీ దిమ్మ పక్కన బస్తాల మధ్య ఇరుక్కున్నారు. బావ దిమ్మ ఎక్కాడు. కాలరు సర్దుకున్నాడు. సెక్రటరీవైపు ఒకసారి చూసి, గుండీ పట్టుకుని చివరిదాకా తిప్పాడు.

కీ...చ్!

షెడ్డు మొత్తం గీసుకుపోయింది. రేకులమీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. జనం చెవులు మూసుకున్నారు. ఒక బండి దగ్గర కుక్క మొరగడం మొదలుపెట్టింది. అది చూసి జనం పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా మేనల్లుడు నవ్వాడు.

చిన్నది తల పట్టుకుంది. అయ్యో, స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరుతోంది! నిండా తిప్పితే కూస్తుందని ఆమెకి తెలియాల్సింది. ఇన్నాళ్లూ నిండా తిరిగితేగా! కంట్రోలు గట్టిగా నిలబడ్డందుకే ఇప్పుడు పరువు తీస్తోంది. "తగ్గించు బావా, తగ్గించు," అని చేతులూపింది.

బావ కంగారుపడలేదు. పాతికేళ్లు జనం ముందు నిలబడ్డవాడు, ఒక కూతకి బెదురుతాడా! రెండు వేళ్లతో గుండీని వెనక్కి తిప్పాడు. కొంచెం. ఇంకొంచెం. కూత సన్నబడింది. వెంట్రుకవాసి తిప్పాడు, ఆగిపోయింది. చెయ్యి తీసేశాడు. గుండీ పెట్టినచోటే ఉంది.

"టమాటాలు," అంది పెట్టె. ముందువాళ్లకి బాగానే వినపడింది. మధ్యవాళ్లు తలలు వంచారు.

"వినపడట్లేదు!" అని అరిచారు వెనకనుంచి. సెక్రటరీగారు పెదవి విరిచి, తల అడ్డంగా ఊపాడు.

బావ చెయ్యి గుండీ మీదికి వెళ్లింది. అక్క చిన్నదాని భుజం గట్టిగా పట్టుకుంది. ఇంక తిప్పితే కూత, తిప్పకపోతే గోడౌను. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉండి, కిందికి దిగిపోయింది. బావ ఒక పండు తీసుకుని, చొక్కాకి తుడిచి, వాసన చూశాడు. తన ముందున్న నలుగురివైపే వంగి, ఇంట్లో మాట్లాడినట్టు మెల్లగా మొదలుపెట్టాడు.

"నిన్న సాయంత్రం కోసినవి. అరుస్తుంటే కందిపోయేలా ఉన్నాయి, అందుకే మెల్లగా చెప్తున్నా. ఈ రాశి మీ నలుగురిలోనే ఎవరికో పోతుంది. వెనకవాళ్లకి అక్కర్లేదులా ఉంది."

ఆ నలుగురూ ఎందుకో నవ్వారు. వెనకవాళ్లకి ఆ నవ్వు వినపడింది, మాట వినపడలేదు. అంతకంటే కడుపుమంట ఇంకేముంటుంది! ఏమన్నాడూ, ఎంతన్నాడూ అంటూ ఒకాయన బండి దిగాడు. ఆయన దిగితే పక్కాయన దిగాడు. చవగ్గా కొట్టేస్తున్నారేమోనని స్తంభాలకి ఆనుకున్నవాళ్లు కదిలారు. తోసుకుంటూ, భుజాల మధ్య తలలు దూర్చుకుంటూ అందరూ దిమ్మ చుట్టూ చేరారు. చేరాక ఒకరి మొహం ఒకరికి కనపడింది. దూరంనుంచి ధర అరిచి దాక్కోవడం కుదరదిక్కడ. మోచెయ్యి మోచేతికి తగులుతోంది.

"నూట పది," అన్నాడు మీసాలాయన.

బావ చేతిలో పండుని వెలుగులోకి తిప్పాడు. మీసాలాయన పక్కనున్న హోటలాయన కళ్లలోకి చూసి, కనుబొమ్మ ఎగరేశాడు.

"ఇరవై," అన్నాడు హోటలాయన, పరువుకి పోయి.

"ముప్పై."

పాట ఎక్కుతోంది. గొంతు ఎక్కడం లేదు. ధర పెరిగేకొద్దీ బావ ఇంకా మెల్లగా మాట్లాడుతున్నాడు. గుండీని పైకి కాదు, ఒక్కో పిసరు కిందికి తిప్పుతున్నాడు. తిప్పిన ప్రతిసారీ జనం ఇంకో అడుగు దగ్గరికి జరుగుతున్నారు.

గేటు దగ్గర సెక్రటరీగారికి ఇప్పుడు వీపులు తప్ప ఏమీ కనపడటం లేదు. మునివేళ్లమీద లేచాడు. లాభం లేదు. తన మార్కెట్లో పాట ఎంతదాకా వెళ్లిందో తనకే తెలియకపోతే ఎలా? నాలుగడుగులు ముందుకొచ్చాడు. మళ్లీ నాలుగు. చివరికి జనంలో తల దూర్చాడు.

"ఒకటోసారి. రెండోసారి." బావ అరచెయ్యి పెట్టెమీద పడింది. "మూడోసారి."

ఆ టమాటాలు తెచ్చిన రైతు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఈమధ్య ఆయన అంత ధర చూడలేదు. "నా రేపటి సరుకు కూడా ఈయనే వెయ్యాలి," అన్నాడు, సెక్రటరీని చూసి మరీ.

"వేలం బాగానే ఉందయ్యా," అన్నాడు సెక్రటరీ గొంతు సవరించుకుని. "కానీ మాటంటే మాటే. చివరి వరసకి..."

అంటూ చెయ్యి చూపించడానికి వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. గేటు దాకా ఖాళీ సిమెంటు నేల, నాలుగు ఖాళీ బళ్లు, ఆ కుక్క.

"చివరి వరస మీరేనండీ," అన్నాడు మీసాలాయన. "వినపడిందా లేదా చెప్పండి మరి!"

షెడ్డంతా గొల్లుమంది. సెక్రటరీగారు మొదట మొహం ముడుచుకున్నాడు. ఎంతసేపు ముడుచుకోగలడు? ఆయనకీ నవ్వొచ్చేసింది. "వినపడిందయ్యా. దిమ్మ నీదే," అన్నాడు. మేనల్లుడు ఎటు చూడాలో తెలియక ఉల్లి బస్తాలు సర్దడం మొదలుపెట్టాడు.

అక్క కళ్లు తుడుచుకుంటోంది. చిన్నది ఎగిరి గంతేయబోయి, బస్తా మీదనుంచి జారి, దిమ్మ పట్టుకుని నిలదొక్కుకుంది. బావ ఆమెవైపు వంగాడు. రహస్యం చెప్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"చిన్నదానా, నా కాళ్లు ఇంకా వణుకుతున్నాయే," అన్నాడు.

మైకు కాలరుకే ఉంది. మార్కెట్టంతా విన్నది.

బావ నాలుక కరుచుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి. ఇప్పుడు ఆ నవ్వు కాలరు దగ్గర మైకులో పడి, పెట్టెలోంచి బయటికొచ్చింది. గరగరలాడుతూ, ఆగి ఆగి, బొంగురుగా వచ్చింది. అయినా ఆయన నవ్వే. అక్క తల తిప్పి ఆ పెట్టెవైపే చూస్తూ ఉండిపోయింది.

"పెంచండి," అంది అక్క. "కాస్త పెంచండి, వింటాను."

"పెంచితే కూస్తుందే," అన్నాడు బావ, ఇంకా నవ్వుతూనే.

"కూస్తే కూసిందిలెండి."

బావ గుండీ తిప్పాడు. పావురాలు మళ్లీ లేచాయి. చెవులు మూసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా దిమ్మ దగ్గరనుంచి కదల్లేదు. ఉల్లిపాయల రైతు అప్పటికే తన బస్తా మూతి విప్పుతున్నాడు.